వైఫై బాగుండాలంటే ముందు వైరు లాగండి

తెనాలిలో సీసీ కెమెరాలు, ఇన్వర్టర్లు, ఇంట్లో నెట్ వైరింగు పనులు చేస్తుంటాను. నాకొచ్చే ఫోన్లలో ఎక్కువగా వినపడే మాట ఒకటే: "నెట్ బాగా స్లో అండీ, ఏ ప్లాను వేయించుకోమంటారు?" చాలా ఇళ్లలో లోపం ప్లానులో ఉండదు. వీధి స్తంభం నుంచి మీ ఇంటి బాక్సు (నెట్ కంపెనీ వాళ్లు పెట్టి వెళ్లిన ఫైబర్ రౌటరు) దాకా నెట్ చక్కగానే వస్తుంది. బాక్సు నుంచి మీరు కూర్చునే కుర్చీ దాకా రావడంలోనే సగం పోతుంది. ఆ సగాన్ని మీ ఇంట్లో మీరే బాగుచేసుకోవచ్చు.

ముందు ప్లాను లెక్క చూద్దాం. మామూలు హెచ్‌డీ వీడియో కాల్‌కి 4 ఎంబీపీఎస్ (నెట్ వేగం కొలత) చాలు. 4కె సినిమాకి నెట్‌ఫ్లిక్స్ వాళ్లు అడిగేది 15. ఇద్దరు మీటింగుల్లో ఉండి, హాల్లో టీవీ నడుస్తున్నా 100 ప్లానులో ఇంకా బోలెడంత మిగులుతుంది. ఈ మధ్య పని చేసిన ఒక ఇంటి సంగతి చెబుతాను, ఎందుకంటే అలాంటి ఇళ్లు మన వైపు వీధికి పది ఉంటాయి. కింద రిటైరైన మాస్టారు, ఆయన భార్య. పైన హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పనిచేసే వాళ్ల అమ్మాయి. బాక్సు మాత్రం మెట్ల కింద, మీటరు బోర్డు పక్కన. వైరు ఇంట్లోకి ఎక్కడ వస్తే అక్కడే మేకు కొట్టి తగిలించి వెళ్లారు. "300 ప్లానుకి మారితే సరిపోతుందా అంకుల్?" అని అడిగింది. "అక్కర్లేదమ్మా, ఆ డబ్బుతో వైరు కొనుక్కుందాం" అన్నాను. ఇప్పుడు ఆ ఇంట్లో అదే 100 ప్లాను నడుస్తోంది.

పని మొదలుపెట్టే ముందు గొడవ ఇంటి లోపల ఉందా, బయట ఉందా తేల్చుకోవాలి. ఇది తేల్చకుండా కొత్త రౌటరు కొనకండి. ల్యాప్‌టాప్‌ని నెట్ మోసే ఒక లాన్ వైరుతో నేరుగా బాక్సుకి పెట్టి స్పీడ్ టెస్ట్ చేయండి. ప్లానుకి దగ్గరగా వస్తే బయట అంతా బాగున్నట్టే. తర్వాత వైరు తీసేసి, నెట్ ఇబ్బంది పెట్టే గదిలో కూర్చుని కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పింగ్ (ping, జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూపే కమాండ్) అని కొట్టి పక్కన మీ బాక్సు అడ్రసు ఇవ్వండి. ఆ అడ్రసు బాక్సు వెనక స్టిక్కరు మీద ఉంటుంది, ఎక్కువగా 192.168.1.1. జవాబు పది మిల్లీసెకన్లలోపు వస్తుంటే ఆ గదిలో వైఫై బాగుంది. ఒకసారి 5, ఒకసారి 400, మధ్యలో టైమ్ అవుట్ అని వస్తుంటే మీ వైఫైయే దెబ్బతింది, కంపెనీకి ఫోన్ చేసి లాభం లేదు. బాక్సు దాకా బాగుండి, బయటి గూగుల్ సర్వరు అడ్రసైన 8.8.8.8 కి పింగ్ కొడితే మాత్రం తేడా వస్తుంటే అప్పుడు కంపెనీ వాళ్లని పిలవాలి. వీడియో కాల్ ఆగిపోతున్న సమయంలోనే ఈ పరీక్ష చేయండి. అంతా బాగున్నప్పుడు చేస్తే ఏమీ తెలియదు.

ఫైబర్ బాక్సు మీద రెండు లైట్లు గుర్తుపెట్టుకోండి. పీఓఎన్ అన్నది ఫైబర్ లింకు కుదిరిందని చెప్పే లైటు, అది మిణుకుమనకుండా పచ్చగా వెలగాలి. ఎల్ఓఎస్ అన్నది ఎర్రగా వెలిగిందంటే ఫైబర్‌లో వెలుతురు బాక్సు దాకా రావడం లేదని అర్థం. బయట లారీ తగిలి తెగి ఉండొచ్చు, ఎలుక కొరికి ఉండొచ్చు, లేదా మీ ఇంట్లోనే తలుపు సందులో నలిగి ఉండొచ్చు. ఫైబర్ లోపల ఉన్నది గాజు పోగు. వేలికి చుట్టినంత చిన్న చుట్టలుగా మడిచి కేబుల్ టైతో బిగిస్తే వెలుతురు అక్కడే కారిపోతుంది. మిగిలిన వైరుని అరచేయి వెడల్పు చుట్టగా వదులుగా కట్టండి. పీకేసిన ఫైబర్ కొసని కంటికి ఎదురుగా పెట్టి చూడకండి. అందులో వచ్చే లేజరు కంటికి కనపడదు, కన్ను మాత్రం చెడుతుంది. బాక్సు సెట్టింగుల పేజీలో రిసీవ్ పవర్ అని మైనస్‌తో ఒక అంకె ఉంటుంది. అది మైనస్ 15 నుంచి మైనస్ 25 మధ్య ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు. మైనస్ 27 దాటి ఇంకా కిందకి పోతే నెట్ వస్తూ పోతూ ఉంటుంది. బాగున్న రోజున ఆ అంకె ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఇక కరెంటు. మన ఊళ్లలో నెట్ పోవడానికి సగం కారణం ఇదే. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులో ఫ్యాను ఆగదు గానీ బాక్సు మాత్రం ఒక్కోసారి ఆరిపోయి మళ్లీ మొదలవుతుంది. మళ్లీ నెట్ రావడానికి రెండు మూడు నిమిషాలు. మీటింగులో ఉన్న మనిషికి ఎంత టెన్షనో నేను ఎదురుగా నిలబడి చూశాను. దీనికి రౌటర్ల కోసమే అమ్మే చిన్న యూపీఎస్ ఉంది, అరచేతిలో పట్టేంత. అది ఎడాప్టరుకీ బాక్సుకీ మధ్యలో కూర్చుంటుంది. కొనేముందు బాక్సు వెనక స్టిక్కరు చదవండి: 12 వోల్టులు, 1 ఆంపియర్ అనో, 1.5 అనో, 2 అనో రాసి ఉంటుంది. వోల్టులు అచ్చంగా అవే ఉండాలి, ఆంపియర్లు అంతకంటే తక్కువ ఉండకూడదు. పిన్ను దూరింది కదా అని వేరే ఎడాప్టరు పెట్టకండి. 9 వోల్టుల పిన్ను, 12 వోల్టుల పిన్ను చూడ్డానికి ఒకటే. ఇంట్లో రెండో రౌటరు ఉంటే దానికీ యూపీఎస్ కావాలి. ఫైబర్‌లో ఒక మేలు ఏమిటంటే, వీధి స్తంభం మీద ఉండి ఫైబర్ వెలుతురుని ఇళ్లకి పంచే స్ప్లిటర్‌కి కరెంటే అక్కర్లేదు. మీ వీధి మొత్తం చీకటైనా, మీ బాక్సుకి కరెంటు ఉండి అవతల ఆపరేటరు దగ్గర బ్యాటరీ ఉంటే నెట్ నడుస్తూనే ఉంటుంది.

ఎండ సంగతి కూడా పట్టించుకోవాలి. ఇళ్లలో వాడే రౌటర్లలో ఎక్కువ వాటికి కంపెనీ రాసే హద్దు 40 డిగ్రీలు. మే నెలలో మా కృష్ణా, గుంటూరు, పల్నాడు వైపు గాలే 45 డిగ్రీలకి చేరుతుంది. అలాంటప్పుడు రౌటరుని టీవీ యూనిట్ అరలో పెట్టి అద్దం తలుపు వేస్తే, మధ్యాహ్నం రెండింటికి అదే ఆగి మళ్లీ మొదలవుతుంది. సెట్ టాప్ బాక్సు మీద పెట్టడం కూడా అంతే, కింద నుంచి వేడి. దుమ్ము పడకుండా అల్లిన గుడ్డ కప్పే ఇళ్లు కూడా ఉన్నాయి. దయచేసి తీసేయండి.

బాక్సు ఎక్కడ ఉండాలి అన్నదానికి నా సమాధానం: ఇంటి మధ్యలో, మనిషి తల కంటే కొంచెం ఎత్తులో, గాలి తగిలే గోడ మీద. బీరువా వెనక వద్దు, ఫ్రిజ్ పక్కన వద్దు, పెద్ద అద్దం వెనక వద్దు. ఇనుము, అద్దం వెనకుండే వెండి పూత సిగ్నల్ని వెనక్కి కొడతాయి. నీళ్లు తాగేస్తాయి, అందుకే చేపల తొట్టి కూడా అడ్డమే. ఇళ్లలో వైఫై 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు బ్యాండ్లలో నడుస్తుంది. మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేది ఆ 2.4 దగ్గరే కాబట్టి వంటింట్లో అస్సలు వద్దు. ఇవన్నీ తప్పించినా మన ఇళ్లలో అసలు అడ్డం స్లాబే. లోపల ఇనుప చువ్వల వల, దానిమీద టైల్సు. నాలుగున్నర అంగుళాల గోడని 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ ఒకటి రెండు దాటగలదు, తొమ్మిదంగుళాల గోడ దగ్గర నీరసపడుతుంది, స్లాబు దగ్గర చాలావరకు చచ్చిపోతుంది. 2.4 దూరం పోతుంది, గోడలు దాటుతుంది, కానీ వేగం తక్కువ, పక్కిళ్ల రద్దీ ఎక్కువ.

సిగ్నల్ని ఫోన్లో కనపడే గీతల్ని బట్టి నమ్మకండి. ఆండ్రాయిడ్ ఫోనులో వైఫై అనలైజర్ రకం ఉచిత యాప్ ఒకటి వేసుకుని గది గదికీ నడవండి. యాప్ చూపే అంకె సున్నాకి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. మైనస్ 50 అంటే బ్రహ్మాండం. మైనస్ 67 దాకా వీడియో కాల్ ఆగదు. మైనస్ 75 దాటితే వాట్సాప్ మెసేజ్ పోతుంది, మీటింగు మాత్రం నడవదు. ఈ అంకెల్లో ప్రతి 3 తగ్గుదలకీ సిగ్నల్ బలం సగం అవుతుంది, కాబట్టి 60కీ 70కీ తేడా పదింతలు. తలుపులు వేసి కొలవండి, పని చేసుకునేది తలుపులు వేసుకునే కదా. మాస్టారి ఇంట్లో పై గదిలో మైనస్ 81 చూపించింది. బాక్సుని మెట్ల కింద నుంచి హాల్లోకి మారిస్తే మైనస్ 74. మెరుగే గానీ చాలదు. అంటే స్లాబు దాటడానికి వైరు లాగి, పైన రెండో రౌటరు పెట్టాల్సిందే.

అసలు పని ఇదే కాబట్టి వివరంగా చెబుతాను. కదలని వస్తువుకి వైరు, కదిలే వస్తువుకి వైఫై, ఇదే నా పద్ధతి. టీవీ, డెస్క్‌టాప్, కెమెరాల డీవీఆర్ (రికార్డింగు బాక్సు), పై అంతస్తు రౌటరు, ఇవి లేచి తిరగవు కాబట్టి వీటికి లాన్ వైరు ఇవ్వండి. అప్పుడు గాలిలో ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు మాత్రమే మిగులుతాయి, వాటికి చోటు దొరుకుతుంది.

లాన్ వైరుల్లో క్యాట్ 6 అనే రకం కొనండి. క్యాట్ 5ఈ అయినా 100 మీటర్ల దాకా 1000 ఎంబీపీఎస్ మోస్తుంది, కానీ గోడలోకి ఒకసారే వేస్తాం కాబట్టి మంచిదే వేయాలి. పెట్టెలో 305 మీటర్లు వస్తుంది. ఇంటికి అంత అక్కర్లేదు, కొట్టులో మీటర్ల లెక్కన కోసి ఇస్తారు. ఒక్కటి మాత్రం తప్పక చూడండి: లోపలి తీగ కొసని బ్లేడుతో గీకండి. లోపల కూడా రాగి రంగే ఉంటే అసలైనది. తెల్లగా బయటపడితే అల్యూమినియానికి రాగి పూత పూసిన రకం. అది చవక, కానీ వంచితే విరుగుతుంది, జాయింట్ల దగ్గర కొన్నాళ్లకి పట్టు వదులుతుంది. ప్యాకెట్ మీద ఏం రాసి ఉన్నా గీకి చూశాకే కొనండి.

దారి ఎలా? పాత ఇళ్లలో టీవీ కేబుల్ కోసమో, ల్యాండ్‌లైన్ ఫోన్ కోసమో గోడలో వేసిన పైపు ఉంటుంది. దాన్ని వెతకండి. ఆ పాత వైరు ఇప్పుడు వాడకంలో లేకపోతే, కొత్త వైరుని లాగిపెట్టడానికి దాన్ని మించింది లేదు. పాత వైరు కొసకి క్యాట్ 6ని కట్టి, ముడి ఉబ్బెత్తుగా లేకుండా టేపు నున్నగా చుట్టి, ఒకరు ఈ వైపు నుంచి నెమ్మదిగా అందిస్తుంటే ఇంకొకరు ఆ వైపు నుంచి లాగాలి. బిగుసుకుంటే బలవంతం చేయకుండా కొంచెం వెనక్కి తీసి మళ్లీ లాగండి. మాస్టారి ఇంట్లో హాలు నుంచి పై గదికి ఇలాగే, గోడకి ఒక్క బెజ్జం పెట్టకుండా వైరు వెళ్లింది. కరెంటు వైర్లున్న పైపులో మాత్రం లాన్ వైరు ఎప్పుడూ వేయకండి. 230 వోల్టుల వైరు తొడుగు ఎక్కడైనా చెడితే ప్రమాదం, చెడకపోయినా సిగ్నల్ పాడవుతుంది.

పైపు లేకపోతే బయటి గోడ మీదుగా తీసుకెళ్లాలి. అప్పుడు ఎండకి తట్టుకునే నల్ల తొడుగున్న బయటి రకం వైరు అడగండి. లోపలికి వచ్చే బెజ్జం బయటివైపుకి వాలుగా వేయించండి. వైరు లోపలికి దూరే ముందు కిందకి ఒక వంపు వదలండి, వాననీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. బెజ్జం చుట్టూ సిలికాన్ పట్టించండి. ఒక ఇంటి నుంచి పక్కింటికి గాలిలో రాగి లాన్ వైరు లాగడం నాకు ఇష్టం లేదు. దగ్గర్లో పిడుగు పడితే రెండు ఇళ్లలోనూ సామాను పోతుంది. అన్నదమ్ముల ఇళ్లు పక్కపక్కన ఉంటే ఆ మధ్య దూరానికి ఇనుప తీగ లేని ఫైబర్ వేయించండి.

కొసలకి ఆర్‌జే45 పిన్నులు కొట్టేటప్పుడు రంగుల వరుస ఇది: తెల్ల-నారింజ, నారింజ, తెల్ల-పచ్చ, నీలం, తెల్ల-నీలం, పచ్చ, తెల్ల-గోధుమ, గోధుమ. రెండు కొసలా ఇదే వరుస. ఎనిమిది తీగలూ కలపాలి. కెమెరాలకి నాలుగు తీగలతో పని జరిగిపోతుంది కాబట్టి కొందరు నెట్‌కి కూడా నాలుగే కొట్టి వెళ్లిపోతారు. నాలుగు తీగలతో వేగం 100 దగ్గరే ఆగిపోతుంది, మీరు 300 ప్లాను కట్టినా సరే. ల్యాప్‌టాప్‌కి వైరు పెట్టి నెట్‌వర్క్ వివరాల్లో లింక్ స్పీడ్ చూడండి. 1000 అని ఉండాలి. 100 అని ఉంటే పిన్ను మళ్లీ కొట్టించండి.

పైన పెట్టే రెండో రౌటరుని రౌటరులా కాదు, యాక్సెస్ పాయింటులా, అంటే వైఫై మాత్రమే ఇచ్చేలా పెట్టాలి. వైరు తగిలించే ముందు ల్యాప్‌టాప్‌తో దాని పేజీ తెరిచి, ఆపరేషన్ మోడ్‌లో యాక్సెస్ పాయింట్ ఎంచుకుని సేవ్ చేయండి. ఆ తర్వాతే కింద నుంచి వచ్చిన వైరు పెట్టండి. ఆ మోడ్ లేని పాత రౌటరైనా పనికొస్తుంది: దాని అడ్రసుని 192.168.1.2 గా మార్చండి, డీహెచ్‌సీపీ (ఫోన్లకి అడ్రసులు పంచే పని) ఆఫ్ చేయండి, కింది నుంచి వచ్చిన వైరుని వాన్ పోర్టులో కాకుండా లాన్ పోర్టులో పెట్టండి. డీహెచ్‌సీపీ ఆపకపోతే ఇంట్లో రెండు బాక్సులూ అడ్రసులు పంచడం మొదలుపెడతాయి. అప్పుడు ఒక ఫోన్లో నెట్ వస్తుంది, పక్క ఫోన్లో రాదు, ఎందుకో ఎవరికీ అర్థం కాదు. పైనా కిందా వైఫై పేరు, పాస్‌వర్డ్ ఒకటే పెట్టండి. మెట్లెక్కుతుంటే ఫోనే దగ్గర ఉన్నదానికి మారుతుంది.

వైఫై సిగ్నల్ని అందుకుని మళ్లీ వదిలే రిపీటర్ల గురించి అందరూ అడుగుతారు. సిగ్నల్ రాని గదిలో పెట్టిన రిపీటర్, సరిగా వినపడని మాటని పక్కవాడికి గట్టిగా అరిచి చెప్పేవాడి లాంటిది. గీతలు నిండుగా కనపడతాయి, నెట్ మాత్రం అదే. పైగా చాలా రిపీటర్లు వినడానికీ చెప్పడానికీ ఒకే ఛానెల్ వాడతాయి కాబట్టి వేగం సగానికి పడిపోతుంది. అద్దె ఇల్లయి, ఓనరుగారు గోడ ముట్టుకోనివ్వకపోతే మూడు బ్యాండ్ల మెష్ సెట్ (ఒకే వైఫైగా కలిసి పనిచేసే రెండు మూడు రౌటర్ల సెట్) కొనుక్కోండి, రెండో ముక్కని సిగ్నల్ మైనస్ 65 కంటే బలహీనం కాని చోట పెట్టండి. మెష్ కొన్నా సరే, వైరు అవకాశం ఉంటే రెండు ముక్కల మధ్య వైరే పెట్టండి. అప్పుడే కట్టిన డబ్బుకి ఫలితం.

సెట్టింగులు ఎక్కువ లేవు. 2.4లో ఛానెల్ వెడల్పు 20 పెట్టి, 1, 6, 11 ఈ మూడింట్లో యాప్‌లో తక్కువ రద్దీ చూపించేది ఎంచుకోండి. ఒకదానిమీద ఒకటి పడకుండా ఉండేవి ఈ మూడే. కింద 1 పెడితే పైన 11 పెట్టండి. 5 గిగాహెర్ట్జ్‌లో వెడల్పు 80, ఛానెల్ 36 లేదా 149. 52 నుంచి 144 దాకా ఉన్నవి రాడార్లతో పంచుకునే ఛానెళ్లు. రాడార్ కనపడితే రౌటరు అక్కడి నుంచి తప్పుకోవాలి. కొత్తగా అలాంటి ఛానెల్లోకి వెళ్లాలంటే కనీసం ఒక నిమిషం పాటు విని చూడాలి. విమానాశ్రయం దగ్గరి ఇళ్లలో వీటిని వదిలేయడం మంచిది. స్మార్ట్ ప్లగ్గులు, చవక కెమెరాలు చాలావరకు 2.4కి మాత్రమే కలుస్తాయి, కాబట్టి దాన్ని ఆపేయకండి.

భద్రతకి బాక్సు సెక్యూరిటీ సెట్టింగులో డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 పెట్టండి, పాస్‌వర్డ్ లేకుండా బటన్‌తోనో పిన్ నంబరుతోనో కలిపే డబ్ల్యూపీఎస్ ఆపేయండి. బాక్సు పేజీ తెరిచే అడ్మిన్ పాస్‌వర్డ్‌ని స్టిక్కరు మీదున్నట్టే వదిలేయకుండా మార్చండి. వైఫై పాస్‌వర్డ్‌గా ఫోన్ నంబరు, పిల్లల పేరు వద్దు. ఇంట్లో అందరికీ గుర్తుండే నాలుగు విడి మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాస్తే చాలు. వైఫై కెమెరాలని, వచ్చిపోయే చుట్టాల ఫోన్లని గెస్ట్ నెట్‌వర్క్‌లో (ఇంటి వైఫైకి విడిగా ఉండేది) పెట్టండి.

పిల్లలు హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఉండి, అమ్మానాన్నలు మాత్రమే ఉండే ఇళ్లలో నేను ఇంకో పని చేస్తాను. బాక్సు మీద ప్రతి లైటు పక్కనా తెలుగులో చీటీ అతికిస్తాను: కరెంటు, బయటి వైరు, వైఫై. స్విచ్ పక్కన ఇంకో కాగితం: "నెట్ రాకపోతే ఈ స్విచ్ ఆపి, ఒక నిమిషం ఆగి వేయండి. అయిదు నిమిషాలు చూడండి. బయటి వైరు లైటు ఎర్రగానే ఉంటే ఈ నంబరుకి ఫోన్ చేయండి." బాక్సుకి యూపీఎస్ ఉంటే గోడ స్విచ్ ఆపినా అది ఆరదు, కాబట్టి ఆ ఇళ్లలో యూపీఎస్ మీది బటన్ దగ్గరే చీటీ అంటించాలి. రీసెట్ అని రాసున్న చిన్న రంధ్రం మీద టేపు వేసేస్తాను. అందులో పిన్నుతో గుచ్చితే కంపెనీ వాళ్లు పెట్టిన సెట్టింగులన్నీ పోయి, మళ్లీ మనిషి ఇంటికి రావాల్సి వస్తుంది.

కంపెనీకి ఫోన్ చేయాల్సి వస్తే "నెట్ రావట్లేదు" అని మాత్రమే చెప్పకండి. ఎన్నింటి నుంచి రావడం లేదు, ఎల్ఓఎస్ లైటు ఏ రంగులో ఉంది, రిసీవ్ పవర్ మామూలు రోజుల్లో ఎంత, ఇవాళ ఎంత, వైరుతో పెట్టినా రావడం లేదా, ఈ నాలుగూ చెప్పండి. అప్పుడు వాళ్లు "రౌటరు ఆపి వేయండి" దగ్గర ఆగకుండా ఫైబర్ అతికే మిషనుతో మనిషిని పంపుతారు.